జపాన్ బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరి మూడు వారాలైంది, ఒక్క పిల్లాడూ నోరు విప్పట్లేదు

గోదారి_వల్లి
మాది తణుకు పక్కన పల్లెటూరు. ఇంగ్లీషు ఎం.ఏ., బీఎడ్. అయిదేళ్లు ఇంటర్ పిల్లలకి చెప్పాను. ఈ ఏప్రిల్ మొదటివారంలో జపాన్‌లో ఏఎల్‌టీగా చేరాను. తెలియనివాళ్ల కోసం: గవర్నమెంటు బడిలో ఇంగ్లీషు చెప్పే జపనీస్ టీచరు పక్కన నిలబడే సహాయ టీచరన్నమాట. జీతమిచ్చేది డిస్పాచ్ కంపెనీ, పని మాత్రం బడిలో. నీగాటా వైపు ఊరు. చుట్టూ వరిమళ్లే, కానీ ఆ వెనకాల కొండలమీద ఇంకా మంచుంది. మూడ్రోజులు మిడిల్ స్కూలు, రెండ్రోజులు ఎలిమెంటరీ.

చిన్నపిల్లలతో పర్వాలేదు, మీద పడిపోతారు. నా ఏడుపంతా మిడిల్ స్కూలుతోనే. "ఎవరు చెప్తారు?" అని అడిగానంటే 34 తలకాయలు ఒకేసారి కిందికి. పేరు పెట్టి పిలిస్తే వాడు లేచి పక్కవాడితో, వెనకవాడితో చిన్నసైజు పంచాయితీ పెడతాడు. రెండు నిమిషాలయ్యాక ఏమీ చెప్పకుండానే కూర్చుంటాడు. మా కాలేజీలో నోళ్లు మూయించడానికి డస్టరుతో బల్ల బాదేదాన్ని. ఇక్కడ నోళ్లు తెరిపించడానికి దేంతో బాదాలో తెలీట్లేదు.

మా జపనీస్ టీచరు మంచావిడే. కానీ నన్ను టేప్ రికార్డరు చేసేసింది. ఆవిడ వేలు చూపిస్తుంది, నేను చదువుతాను, వాళ్లు నా వెనక అంటారు. యాభై నిమిషాలూ అదే.

ఇంకోటి. కంపెనీ ట్రైనింగులో ఒకాయన "మీ ఇండియన్ యాస కొంచెం తగ్గించుకుని అమెరికన్‌లా మాట్లాడండి" అన్నాడు. ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. క్లాసులో నోరు తెరిచినప్పుడల్లా గొంతు పట్టేస్తోంది. నిజంగా నేనిక్కడ పనికొస్తానా? ఏడాది కాంట్రాక్టు. ఉండనా, వచ్చేయనా?

అన్నట్టు వాళ్ల నోటికి ఇంగ్లీషు "వీ" అక్షరం రాదు. వల్లి కాస్తా "బరి" అయిపోయింది. బరి సెన్సెయ్ అంటున్నారు, అంటే బరి టీచరుగారు.

ఉప్మా_వద్దు
పశ్చిమగోదావరి నుంచి వెళ్లి బరి సెన్సెయ్ అయ్యావా అక్కా. సంక్రాంతికి కోళ్లు పంపమంటావా, కత్తులు కూడా కట్టి.

సెన్సెయ్‌గారు
పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నా. అయిదేళ్లు జెట్ ప్రోగ్రాంలో (జపాన్ ప్రభుత్వమే బళ్లకి విదేశీ టీచర్లని రప్పించే పథకం), తర్వాత నేరుగా ఊరి విద్యాబోర్డు కింద. మూడు వారాలకే తీర్పు చెప్పుకోకండి.

ఏప్రిల్ అంటే ఇక్కడ బడి ఏడాది మొదలు. టీచర్లకి బదిలీలూ అప్పుడే. మీ బడిలో సగంమంది టీచర్లు కూడా మీలాగే కొత్త, ఎవరి చెప్పుల గూడు ఎక్కడో వాళ్లకే సరిగ్గా తెలీదు. పిల్లలకి కొత్త సెక్షను, కొత్త పక్కవాడు. వాడి ముందు తప్పు మాట్లాడితే ఏడాదంతా మోయాలి. అందుకే నోరు మూసుకుంటారు, మీమీద కోపంతో కాదు.

క్లాసు మొత్తాన్ని ఉద్దేశించి ప్రశ్న వేయడం మానేయండి. "ఎవరు చెప్తారు" అంటే ఇక్కడ "ఎవరు ఎగస్ట్రాలు పోతారు" అని అడిగినట్టే. ముందు ఒక నిమిషం కాగితంమీద రాయనివ్వండి. తర్వాత పక్కవాడికి చెప్పమనండి. అప్పుడు ఒక జంటని అడగండి. మీరు పంచాయితీ అన్నారే, దాన్ని ఆపకండి, దానికే టైమివ్వండి. ఇద్దరూ ఒప్పుకున్న జవాబైతే ఒక్కడి తప్పు కాదుగా.

ఒక ప్రశ్న: మీ కాంట్రాక్టు హాకెనా, ఇటాకువా? అది చాలా ముఖ్యం.

నల్లకుంట_నర్సి
అన్నా నువ్వు జెట్ల ఉన్నోనివి, నీ ముచ్చట వేరే. నేను ఒసాకల ఎయికైవల రెండేండ్లు చేసిన. అంటే పైసలు కట్టి ఇంగ్లీషు మాట్లాడనీకి వచ్చే ట్యూషన్ సెంటర్. పగలంత ఖాళీ, రాత్రి తొమ్మిది దాంక క్లాసులు. మాట్లాడనీకే పైసలు కట్టిన పెద్దోళ్లు గూడ మాట్లాడరు! బ్యాంకుల మేనేజరు, యాభై ఏండ్ల మనిషి, "వీకెండ్ ఏం చేసిండ్రు సార్" అంటే చెమటలు పట్టినయ్ ఆయనకు. "ఐ స్లీప్" అన్నడు. ఆర్నెల్లు గదే జవాబు.

మా మేనేజరమ్మకు మేం ఏం చెప్పినమో అక్కర్లే. నవ్వుకుంట ఉన్నమా, పుస్తకాలు అమ్మినమా, గంతే. 2007ల పెద్ద ఎయికైవ గొలుసు ఒకటి దివాలా తీస్తే వేలమంది టీచర్లు జీతాల్లేక రోడ్డున పడ్డరు, యాదికున్నదా? వల్లక్కా, ఒక్క కంపెనీ మీద పానం పెట్టుకోకు. గంతే నేను చెప్పేది.

రిటైర్డ్_హెచ్చెమ్
టేప్ రికార్డరు అనే మాటకి అంత నొచ్చుకోవాల్సిన పనిలేదమ్మాయ్. నేను గుంటూరు జిల్లాలో జెడ్పీ హైస్కూళ్లలో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. మాకు టేప్ రికార్డరూ లేదు, ఏఎల్‌టీ లేదు. నేనే చదవాలి, పిల్లలు నా వెనక అనాలి. అలా అన్నవాళ్లలో అమెరికాలో డాక్టర్లైనవాళ్లున్నారు. పదిసార్లు అనిపిస్తేనే నాలిక తిరుగుతుంది. ముందు ఆ పని బాగా చెయ్యి. మాట్లాడించడం తర్వాత.

ఉప్మా_వద్దు
మాస్టారూ మీ వెనక అన్నవాళ్లలో నేనూ ఉండుంటాను. నాలిక తిరిగింది, ఇంగ్లీషు తిరగలేదు.

భాషాశ్రీ
హెచ్చెమ్ గారితో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. అనిపించడం మంచిదే, కానీ దేన్ని ఎందుకు అనిపిస్తున్నామో తెలిసుండాలి. (లింగ్విస్టిక్స్ పీహెచ్‌డీ చేస్తున్నా, కొంచెం పొడుగ్గా రాస్తా, తిట్టుకోకండి.)

వల్లిగారూ, మీరు మీ బలాన్ని బలహీనత అనుకుంటున్నారు. జపనీస్ కూడా మన తెలుగులాగే అచ్చుతో ముగిసే భాష. చివర్న వచ్చే న్ ఒక్కటే మినహాయింపు. అందుకే ఇంగ్లీషు మాట నోట్లో పడగానే మనం చేసిందే వాళ్లూ చేశారు. మనం బస్సు అంటాం, వాళ్లు బసు. మనం బెడ్డు, వాళ్లు బెద్దో. మనం బ్యాగు, వాళ్లు బగ్గు. టెంటుకి తెంతో. కప్పుకి కప్పు, అక్షరం తేడా లేదు! ఆ ఒత్తు కూడా చూడండి: బెడ్డులో డ్డ ఎందుకొచ్చిందో వాళ్ల బెద్దోలో ద్ద కూడా అందుకే వచ్చింది. స్టేషన్‌లాంటి మాటకి మన అమ్మమ్మలు ముందు ఇ తగిలించి "ఇస్టేషను" అంటారు, వాళ్లు మధ్యలో ఉ దూర్చి "సుతేషొన్" అంటారు. పాట్లు రెండు, రోగం ఒకటి.

వాక్యం కట్టే తీరూ మనదే. "నేను నిన్న బడికి వెళ్లాను" అన్నదాన్ని మాటకి మాట పెట్టుకుంటూ పోతే "వతషి వ కినో గక్కో ని ఇకిమషిత" వచ్చేస్తుంది. మన "కి" ఉన్నచోట వాళ్ల "ని". చివర క్రియ. "తిన్నావా?" "తిన్నా" అని కర్త లేకుండా మాట్లాడుకోవడం వాళ్లకీ అలవాటే. మీ పిల్లలు "ఎస్టర్‌డే స్కూల్ వెంట్" అని రాస్తే అమెరికా టీచరు తల పట్టుకుంటాడు. మీరెందుకు పట్టుకోవాలి? మీ ఊళ్లో ఆరో తరగతి పిల్లాడు రాసే తప్పే అది.

నల్లకుంట_నర్సి
కప్పు కప్పేనా! రెండేండ్లున్న, ఎన్నడు సోయి రాలే.

సెన్సెయ్‌గారు
భాషాశ్రీ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి కలుపుతా. హ్రస్వం దీర్ఘం తేడా వాళ్లకీ ఉంది. అమెరికన్లకి ఏళ్లు పట్టేది మనకి రెండ్రోజుల్లో వస్తుంది. ఒబసన్ అంటే పిన్ని, అత్త వరస. ఒబాసన్ అంటే అమ్మమ్మ, నాయనమ్మ. మా బడిలో ఒక కెనడా కుర్రాడు నలభై ఏళ్ల ఆఫీసు మేడంని పట్టుకుని ఏడాదిపాటు అమ్మమ్మా అని పిలిచాడు. ఆవిడ నవ్వుతూనే ఉండేది. అదే ఇక్కడ భయంకరమైన విషయం, మనసులో ఏముందో తెలీదు.

గోదారి_వల్లి
ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు. సెన్సెయ్‌గారూ, కాంట్రాక్టు చూశాను. ఇటాకు అని ఉంది. అంటే ఏంటి?

ఈలోగా ఇవాళ జరిగిన ఘోరం వినండి. మా టీచరమ్మ మొదటిసారి నా చేతికి పనిచ్చింది. రెండో ఏడాది పిల్లల స్పెల్లింగ్ టెస్టు దిద్దమంది. సంబరంగా కూర్చుని ఎర్రపెన్నుతో కరెక్టైన ప్రతిదానికీ టిక్కు పెట్టుకుంటూ పోయాను. చక్కగా రాశారు పాపం. కాగితాలు పంచాక క్లాసు శ్మశానం అయిపోయింది. ముందు బెంచీ పిల్ల, ఇరవైకి ఇరవై వచ్చిన పిల్ల, బొటబొటా ఏడుస్తోంది. నాకేం అర్థం కాలేదు. టీచరమ్మ పరుగెత్తుకొచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇక్కడ టిక్కు అంటే తప్పట! రైటుకి సున్నా చుట్టాలట!!

ఉప్మా_వద్దు
నేను పదో తరగతి జపాన్‌లో చదవాల్సింది. మా లెక్కల మాస్టారు చుట్టిన సున్నాలన్నీ ర్యాంకులయ్యేవి.

సెన్సెయ్‌గారు
😂 ఇది ప్రతి ఇండియనూ ఒకసారి చేస్తాడు. నేను చేసినప్పుడు ఒక తల్లి బడికి ఫోన్ చేసింది. బాగా రాసినవాళ్లకి సున్నా చుట్టూ పువ్వు రేకులు గీయాలి, హనమారు అంటారు. రేపు ఆ పిల్ల కాగితంమీద పెద్ద పువ్వు వేసివ్వండి.

ఇటాకు సంగతి. హాకెన్ అయితే మిమ్మల్ని బడికి "పంపినట్టు". బడివాళ్లు నేరుగా మీకు పని చెప్పొచ్చు. ఇటాకు అయితే పనిని మొత్తం కంపెనీకి "కాంట్రాక్టుకిచ్చినట్టు". చట్టప్రకారం బడి టీచరు మీకు నేరుగా ఇలా చెయ్యి అలా చెయ్యి అని ఆదేశాలివ్వకూడదు, కంపెనీ ద్వారా చెప్పాలి. అదే గదిలో పక్కపక్కన నిలబడి పాఠం చెప్పేవాళ్లకి ఇదెంత వింత నియమమో చూడండి. కొంతమంది టీచర్లు ఆ భయంతో ఏఎల్‌టీతో అసలు మాట్లాడరు, చదివించి పంపేస్తారు. మీ టీచరమ్మ వేలు చూపించడానికి సగం కారణం అదే అయ్యుండొచ్చు. ఆవిడ టెస్టు దిద్దమని ఇచ్చిందంటే ధైర్యం చేసినట్టే. మీరు దాన్ని టిక్కులతో నింపారు 🙂

గోదారి_వల్లి
అయ్యో. నన్ను చూస్తే ఆవిడకి చిన్నచూపేమో అనుకున్నానండీ ఇన్నాళ్లూ.

నల్లకుంట_నర్సి
గీ ఇటాకు ముచ్చట ఏ కంపెనోడు గూడ ఇంటర్వ్యూల చెప్పడు. జీతమెంత అక్కా? ఆగస్టుల ఫుల్లిస్తున్నరా?

గోదారి_వల్లి
నెలకి 2 లక్షల 30 వేల యెన్లు. వేసవి సెలవుల్లో తగ్గిస్తామని కాంట్రాక్టులో ఉంది, అప్పుడు సరిగ్గా చదవలేదు.

నల్లకుంట_నర్సి
చూసినవా. ఇంకోటి యాదుంచుకో: రెండో ఏడు జూన్ల జూమింజెయ్ అని ఊరి పన్ను బిల్లొస్తది, ముందటి ఏడు సంపాదన మీద. మొదటేడు రాలేదని మురవకు. నేను మురిసిన, తర్వాత రెండు నెలలు నూడుల్స్ తిన్న.

కడప_కుర్రోడు
అన్నా అక్కా నాదొక డౌటు. నేను ఏడు దాకా తెలుగు మీడియం, మా ఊరి బళ్లోనే. ఎనిమిది నుంచి ఇంగ్లీషు మీడియం. డిగ్రీ అయిపోయినాది. ఐఈఎల్‌టీఎస్ 7.5 ఉండాది. ఏఎల్‌టీకి అప్లై చేస్తే ఒక కంపెనీవాళ్లు 12 ఏండ్లు ఇంగ్లీషు మీడియం సర్టిఫికెట్లు తెమ్మంటాండారు. యాడ నుంచి తేవల్ల సామీ? స్కోరు చూడరా?

సెన్సెయ్‌గారు
చూడరు తమ్ముడూ. బళ్లలో చెప్పేవాళ్లకి ఇచ్చేది ఇన్‌స్ట్రక్టర్ వీసా. భాష చెప్పాలంటే ఆ భాషలో కనీసం 12 ఏళ్లు చదివుండాలని నిబంధన. పరీక్ష మార్కులతో దాన్ని పూడ్చలేవు. ఎయికైవాలకి ఇచ్చే వీసా వేరు, హ్యుమానిటీస్ రకం. దానికి డిగ్రీ ఉంటే చాలు, 12 ఏళ్ల లెక్క ఉండదు. కానీ అక్కడ యజమాని నిన్ను తీసుకోవాలి. ఒక వీసామీద వచ్చి ఇంకో రకం పని చేయాలంటే విడిగా పర్మిషను తీసుకోవాలి, అది మర్చిపోకు.

కడప_కుర్రోడు
అంటే తెలుగు మీడియంలో చదివినందుకు ఇది శిక్షా. వల్లక్కకేమో ఇండియన్ యాస తగ్గించుకోమంటారు, నాకేమో చిన్నప్పుడే ఇంగ్లీషు మీడియంలో యాల చదవలేదంటారు. ఎట్లయినా మనదే తప్పు.

రిటైర్డ్_హెచ్చెమ్
బాబూ, తెలుగు మీడియం వాడివే ఇంత చక్కగా 7.5 తెచ్చుకున్నావు. నిబంధన పెట్టినవాడికి నీ సంగతి తెలీదు, అంతే. బాధపడకు.

భాషాశ్రీ
యాస గొడవ తేల్చాల్సిందే. "అమెరికన్‌లా మాట్లాడండి" అనడం తేలిక. వల్లిగారు కష్టపడి అమెరికన్ "ర" తిప్పితే అది అటూ కాదు, ఇటూ కాదు. స్పష్టంగా, నిదానంగా మాట్లాడితే చాలు. ఆ పిల్లలు రేపు ఇంగ్లీషులో మాట్లాడాల్సింది వియత్నాం వాళ్లతో, నేపాల్ వాళ్లతో, మనవాళ్లతో.

అయితే మనకీ ఒక లోటుంది, దాచుకోకూడదు. మనం బనీను "వెస్టూ", పడమర "వెస్టూ" ఒకేలా పలుకుతాం. పెదవులు గుండ్రంగా చుట్టే "వ" వేరు, కింది పెదవి పళ్లకి ఆనించే "వ" వేరు. జపాన్ పిల్లలు ఆ రెండోదాన్ని "బ" చేస్తారు. వల్లిగారు ముందు తనే అద్దంలో చూసుకుంటూ నేర్చుకుని తర్వాత చెప్పాలి. పుట్టు ఇంగ్లీషువాడు పెదవి ఎక్కడ పెడుతున్నాడో వాడికే తెలీదు. నేర్చుకున్నవాళ్లకి తెలుస్తుంది.

నల్లకుంట_నర్సి
మాటలు మంచిగున్నయ్ గాని మార్కెట్ల నడవయ్. మా సెంటర్ల డెమో క్లాసుకు తెల్లోన్నే నిలబెట్టేటోళ్లు. వానికి గ్రామరు రాదు. "ఎందుకు సార్ ఇక్కడ ద పెట్టాలె" అంటే "జస్ట్ సౌండ్స్ రైట్" అంటడు. పిలగాండ్లు క్లాసైనంక నా తానకొచ్చి అడిగేటోళ్లు. జీతం మాత్రం వానికే ఎక్కువ.

నిషికసాయ్_నాని
టోక్యోలో ఐటీ. టీచర్ని కాదు కానీ ఒక తండ్రిగా చెప్తా. మా పాప ఇక్కడి గవర్నమెంటు మిడిల్ స్కూల్లోనే. టోక్యోలో 2022 నుంచి మూడో ఏడాది మిడిల్ స్కూలు పిల్లలకి ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష కూడా పెట్టారు. హెడ్‌సెట్ తగిలించుకుని ట్యాబ్లెట్‌తో మాట్లాడాలి. మెట్రోపాలిటన్ హైస్కూలు సీట్లకి ఆ మార్కులు కలుస్తాయి. మనిషితో మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలు పక్కన వందమంది ఉండగా ట్యాబ్లెట్‌తో మాట్లాడాలన్నమాట. మా పాప ఇంట్లో తెలుగు, బళ్లో జపనీస్, పరీక్షకి ఇంగ్లీషు. కలలో ఏ భాషో అడిగితే "మ్యూట్" అంది.

ఎలిమెంటరీలో 2020 నుంచి అయిదు, ఆరు తరగతులకి ఇంగ్లీషు పూర్తి సబ్జెక్టు అయింది. మూడు, నాలుగుకి ఆటపాటలతో నడుస్తుంది. వల్లిగారి మీద పడిపోయే ఆ బుడతలు మిడిల్ స్కూలుకొచ్చేసరికి ఎందుకు మూగబోతారో అక్కడ చూడండి. మధ్యలో మారిందల్లా మార్కులే.

అన్నట్టు ఉప్పూపప్పూ కావాలంటే మా నిషికసాయ్‌లో ఇండియన్ షాపులున్నాయి, పార్సిలు వేస్తారు. కందిపప్పు, చింతపండు, సోనా మసూరి దొరుకుతాయి.

ఉప్మా_వద్దు
నీగాటాలో ఉన్నావిడ సోనా మసూరి తెప్పించుకోవాలా? జపాన్‌కే పేరున్న కోషిహికారి బియ్యం అక్కడిదేగా.

గోదారి_వల్లి
కోషిహికారి బ్రహ్మాండం, కానీ పప్పుచారు పోస్తే ముద్ద ముద్దలాగే ఉండిపోతుంది, కలవదు. అదేదో ద్వీపంలా మధ్యలో తేలుతూ. ఆవకాయతో మాత్రం పర్వాలేదు.

నానిగారూ, అమ్మ ఆవకాయతోపాటు బోన్‌లెస్ చికెన్ పచ్చడి కూడా పంపుతానంటోంది.

నిషికసాయ్_నాని
వద్దండీ బాబూ! మాంసం ఏ రూపంలోనూ పోస్టులో గానీ సూట్‌కేసులో గానీ తేకూడదు. పచ్చడైనా, పొడైనా. ఎయిర్‌పోర్టులో కుక్కలుంటాయి. మా బావమరిది సీసా అక్కడే పోయింది. జలుబు మాత్రలు కూడా చూసుకోండి, సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటినవి ఇక్కడ నిషేధం.

ఉప్మా_వద్దు
గోంగూర చికెన్ వాసన పట్టిన ఆ కుక్క మళ్లీ డ్యూటీ చేసిందా?

గోదారి_వల్లి
వారం తర్వాత వస్తున్నా. చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు ఏడ్చిన పిల్లకి పువ్వు గీసిచ్చాను. నాకు బొమ్మలు రావు, అది గోబీ పువ్వులా వచ్చింది. అయినా తీసుకెళ్లి పెన్సిలు డబ్బాలో పెట్టుకుంది.

తర్వాత మా టీచరమ్మ దగ్గరికెళ్లి నా వచ్చీరాని జపనీస్‌తో "నాకు పది నిమిషాలివ్వండి చాలు" అన్నాను. ఇటాకు సంగతి నాకు తెలిసిందని కూడా చెప్పేశాను. ఆవిడ ఊపిరి పీల్చుకున్నట్టు నవ్వింది. తనే చెప్పింది, పోయినేడాది ఏఎల్‌టీకి ఏదో పని చెప్పినందుకు కంపెనీ నుంచి ఉత్తరమొచ్చిందట.

ఆ పది నిమిషాల్లో భాషాశ్రీ చెప్పిందే చేశాను. బోర్డుమీద మా అమ్మమ్మ బొమ్మ వేశాను. మళ్లీ గోబీ పువ్వే, చీర కట్టుకున్న గోబీ పువ్వు. "ఈవిడ మా ఒబాసన్. ఇంగ్లీషు బడికి వెళ్లలేదు. కానీ ఇంగ్లీషు మాట్లాడుతుంది" అన్నాను. తర్వాత అమ్మమ్మ గొంతుతో "బస్సు" అన్నాను. ఎవరూ కదల్లేదు. "బ్యాగు". వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. "బెడ్డు". "టెంటు". ఇంక "కప్పు" అనేసరికి క్లాసంతా "కప్పు!" అని అరిచింది. అరిచింది! నా క్లాసు!

అప్పుడు బోర్డు మూడు నిలువు గళ్లు చేశాను. అమ్మమ్మ, మీరు, ఇంగ్లీషు. ఒక్కో మాటకీ మూడు రకాలు చెప్పించాను. చివరి అచ్చు ఎక్కడ కోసేయాలో వాళ్లే కనిపెట్టారు. ఒకడు లేచి, ఎవరితోనూ పంచాయితీ పెట్టకుండా, "యువర్ గ్రాండ్‌మదర్, కేకి?" అన్నాడు. కర్త లేదు, క్రియ లేదు. "కేకు" అన్నాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

భాషాశ్రీ
వల్లిగారూ కళ్లు చెమర్చాయి. మీ అమ్మమ్మ గారికి నా థీసిస్‌లో కృతజ్ఞతలు చెప్పాలి.

సెన్సెయ్‌గారు
బ్రహ్మాండం. ఒక్క హెచ్చరిక. పిల్లలకి మొదటి గడి మరీ నచ్చేస్తే మూడో గడికి రారు. రెండు వారాల తర్వాత అమ్మమ్మని ఊరికి పంపేయండి. హైస్కూలు ఎంట్రన్సులో వినే పరీక్ష ఉంది, అందులో అమ్మమ్మ మాట్లాడదు.

రిటైర్డ్_హెచ్చెమ్
నేను మొదట్నించీ చెప్తున్నది అదే. మూడు రకాలుగా చెప్పించావంటే అనిపించినట్టే కదమ్మా. అనిపించడమే.

భాషాశ్రీ
మాస్టారూ 🙏 ఒప్పుకున్నా. మీ వెనక అంటున్నా.

కడప_కుర్రోడు
అక్కా తలకాయ ఊపుడు సంగతి ఏమైనాది? మనం అవునని అడ్డంగా ఊపుతాం గదా.

గోదారి_వల్లి
అది ఇంకా తేలలేదు. వాడు రైటు చెప్తే నేను మనలా తల అటూ ఇటూ ఊపుతాను, వాడు తప్పనుకుని జవాబు మార్చేస్తాడు. మళ్లీ ఊపుతాను. మళ్లీ మారుస్తాడు. ఇప్పుడు మెడకి పట్టీ వేసుకున్నట్టు బిగబట్టి నిలబడుతున్నా. రమ్మని పిలవడం మాత్రం మనలాగే, అరచెయ్యి కిందికి పెట్టి ఊపుతారు. అదొక్కటీ హాయి.

ఇంకో తప్పు చేశాను. మొదటిరోజు టీచర్ల గదిలో "నేను వల్లి-సాన్‌ని" అని పరిచయం చేసుకున్నా. నన్ను నేనే "వల్లిగారిని" అనుకున్నట్టన్నమాట. తెలుగుదాన్నయ్యుండి ఆమాత్రం తట్టలేదు.

నల్లకుంట_నర్సి
లంచ్ ఎట్ల అక్కా? బడిల అందరికి ఒకటే పెడ్తరు గద.

గోదారి_వల్లి
పిల్లలతోపాటే క్లాసులో కూర్చుని తినాలి. పిల్లలే తెల్ల టోపీలు పెట్టుకుని వడ్డిస్తారు, తిన్నాక పిల్లలే గదులు ఊడుస్తారు. మా కాలేజీలో ఆ పని చేయిస్తే తల్లిదండ్రులు కలెక్టరాఫీసు ముందు టెంటు వేసేవాళ్లు. నేను గొడ్డుమాంసం, పందిమాంసం తినను కాబట్టి ఇంటినుంచే బాక్సు. ఒకరోజు పెరుగన్నం తీసుకెళ్లా. చుట్టూ మూగి చూశారు. అన్నంలో పెరుగేంటని వాళ్లకి కడుపులో తిప్పింది. వాళ్లు మాత్రం చేపా అన్నం తింటూ మధ్యమధ్యలో చల్లటి పాలు తాగుతారు, రోజూ 200 మిల్లీలీటర్లు. నాకు తిప్పింది. సమానం.

నిషికసాయ్_నాని
మీరు ఇంటికి ఫోన్ చేసేటప్పుడు జాగ్రత్త. మా ఆఫీసులో అమ్మతో మాట్లాడుతూ "కానీ అమ్మా... కానీ..." అంటున్నా. పక్కసీటాయన ఫోన్ పెట్టేదాకా ఆగి, అంత ఇష్టమా అని అడిగాడు. ఏంటంటే, "కని" అంటే పీతట.

ఉప్మా_వద్దు
ఇంకేముంది, ఛీఛీ అంటే నాన్న, హహ అంటే అమ్మ అని కూడా చెప్పేయండి.

భాషాశ్రీ
అది జోకు కాదు, నిజమే. సొంత నాన్న గురించి బయటివాళ్లకి చెప్పేటప్పుడు చిచి, అమ్మని హహ అంటారు.

ఉప్మా_వద్దు
నేను జోకు వేస్తే అది నిజమైపోవడం ఇదే మొదటిసారి.

గోదారి_వల్లి
ఉండాలా వచ్చేయాలా అని అడిగాను కదా మొదట్లో. ఏడాది ఉంటాను. ఆ తర్వాత కంపెనీ మారి నేరుగా విద్యాబోర్డు కింద చేరొచ్చేమో చూస్తా. సెన్సెయ్‌గారూ, జెట్‌కి అప్లై చేయడానికి నాకు వీలుందా?

సెన్సెయ్‌గారు
జెట్‌కి సొంత దేశంలో జపాన్ ఎంబసీ ద్వారా అప్లై చేయాలి. 1987 నుంచి నడుస్తున్నా మన దేశం నుంచి తీసుకునేది చాలా కొద్దిమందినే. గరిష్ఠం అయిదేళ్లు. జీతం మొదటి ఏడాదికి 33 లక్షల 60 వేల యెన్లు ఉండేది, 2025లో పెంచారు. అక్కడే ఉంటూ నేరుగా చేరడం మీకు తేలిక. జనవరి, ఫిబ్రవరిలో ఊరి విద్యాబోర్డుల నోటీసులు చూస్తూ ఉండండి. జపనీస్ నేర్చుకోండి. అంతకంటే ముందు మీ వైస్ ప్రిన్సిపాల్‌ని మంచి చేసుకోండి. టీచర్ల గది నడిపేది ఆయనే. సెలవులకి ఎక్కడికెళ్లినా తిరిగొచ్చేటప్పుడు అందరికీ ఒక్కో బిస్కెట్టైనా పట్టుకెళ్లండి.

గోదారి_వల్లి
పూతరేకులు పనికొస్తాయా? అమ్మ పంపుతానంటోంది, అందులో మాంసం లేదు.

సెన్సెయ్‌గారు
పనికొస్తాయి. కాగితం ఒలిచి తినబోతారు, ముందే చెప్పండి.

గోదారి_వల్లి
ఇప్పుడే కంపెనీ నుంచి మెయిలొచ్చింది. శనివారం యాస దిద్దుకునే ఆన్‌లైన్ ట్రైనింగట, మూడు గంటలు, తప్పనిసరి. డబ్బులిస్తారో లేదో రాయలేదు.

నల్లకుంట_నర్సి
అడుగు. మెయిల్లనే అడుగు, ఫోన్ల అడగకు. తప్పనిసరంటే పని కిందికే వస్తది.

కడప_కుర్రోడు
అమ్మమ్మ యాసతో అడుగక్కా.

కొత్తగా_చేరా_99
థ్రెడ్ మొత్తం చదవలేదు. జపాన్‌లో ఇంగ్లీషు టీచర్లకి జీతం ఎంతుంటుందో ఎవరైనా చెప్తారా?

ఉప్మా_వద్దు
ఎవరు చెప్తారు?

(34 తలకాయలు కిందికి)